కాపలా లేని చోట పడక

అమెరికాలో జాతీయ అడవులు సుమారు 19 కోట్ల 30 లక్షల ఎకరాలు. వాటిలో చాలాచోట్ల టెంటు వేసుకుని రాత్రి ఉండటానికి డబ్బు కట్టనక్కర్లేదు, ముందుగా ఎవరినీ అడగనక్కర్లేదు. మామూలుగా ఒకచోట పద్నాలుగు రోజులు మించకూడదు, అంతే. కుళాయి, మరుగుదొడ్డి, చెత్తకుండీ ఉండవు. ఇక్కడ ఆగండి అని చెప్పే బోర్డు కూడా ఉండదు. దీన్ని అక్కడ డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు.

టెక్సస్‌లో తొంభై శాతానికి పైగా నేల ప్రైవేటు యజమానులది. అందుకే డాలస్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లలో అడవి మీద మనసున్నవాళ్లు నాలుగు గంటలకు పైగా కారు నడిపి అర్కన్సా పడమటి అంచున ఉన్న వాషిటా కొండలకు వెళ్తారు. తూర్పు పడమరలుగా సాగే కొండలు, పైన్ చెట్లు, ఓక్ చెట్లు, రాళ్ల వాగులు. 1907లో ఏర్పడిన అక్కడి జాతీయ అడవి ఇప్పుడు దాదాపు 18 లక్షల ఎకరాలు.

ఈ సంవాదంలో మేనకోడలు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. మేనమామ నల్లమలలో, ఆత్మకూరు డివిజన్‌లో ఫారెస్టు సెక్షన్ ఆఫీసరుగా చేసి రిటైరై, చెల్లెలి కూతురి ఇంటికి వచ్చాడు. కార్తీకంలో కొన్ని తెలుగు కుటుంబాలను వాషిటాకు తీసుకెళ్లి, డబ్బు కట్టే పనిలేని చోట రెండు రాత్రుల వనభోజనం చేయాలని ఆమె ఆలోచన. ఆయనకది నచ్చలేదు. నేను మొగ్గేది ఆమె వైపే. అయినా ఆయన అడిగిన వాటిలో కొన్నిటికి నా దగ్గర జవాబు లేదు.

మేనమామ: నా ఉద్యోగమంతా ఏం చేసినానమ్మా? అడవిలోకి మనిషి రాకుండా చూసినా. పర్మిషన్ లేకుండా రిజర్వు ఫారెస్టులో దూరితే 1967 చట్టం కింద కేసు. నువ్వేమో గేటు లేదు, టికెట్టు లేదు, రిజిస్టర్లో సంతకం లేదు, పోయి పడుకుంటామంటున్నావు. అట్లాంటి అడవికి కాపలా ఎవరు?

మేనకోడలు: పడుకున్నవాళ్లే, మామా.

మేనమామ: అది మాటవరసకు బాగుంటుంది. బీట్ ఆఫీసర్ చేయాల్సిన పని సాఫ్ట్‌వేర్ ఇంజనీరు చేస్తాడా?

మేనకోడలు: చేయడం నేర్చుకోకపోతే అక్కడికి రాకూడదు. నేననేది అదే. ముందు ఒక్క సంగతి. నువ్వు మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నది నేషనల్ పార్కు. అక్కడ నువ్వన్నట్టే ఉంటుంది, దారి పక్కన టెంటు వేస్తే జరిమానా. నేషనల్ ఫారెస్టు వేరు. 1905లో ఫారెస్ట్ సర్వీసు పెట్టినప్పటి నుంచీ అది వ్యవసాయ శాఖ కింద ఉంది. కలప కొట్టిస్తారు, పశువుల్ని మేపుకోనిస్తారు, సీజన్‌లో వేట ఉంటుంది. జనం వాడుకోవడానికే ఉన్న అడవి అది. రాత్రి పడుకోవడం ఆ వాడకంలో అన్నిటికన్నా తేలికైనది.

మేనమామ: తేలికో బరువో మనిషిని బట్టి ఉంటుంది. సరే, బోర్డు లేదంటివి కదా. చోటెట్లా దొరుకుతుంది? తోచిన మలుపులో బండి ఆపేస్తారా?

మేనకోడలు: ఆపకూడదు. ఇంట్లో కూర్చునే సగం పని అయిపోవాలి. ఫారెస్ట్ సర్వీసు ప్రతి అడవికీ మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ అని ఒకటి ఉచితంగా ఇస్తుంది. 2005లో వచ్చిన నిబంధన వల్ల మొదలైంది అది. నలుపూ తెలుపూ గీతలు, చూడ్డానికి ఏమీ బాగుండదు. కానీ ఏ రోడ్డు మీద ఏ బండి పోవచ్చు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పోవచ్చు, అంతా అందులోనే. ఆ మ్యాపులో లేని రోడ్డు కళ్లముందు కనబడుతున్నా బండికి మూసేసినట్టే లెక్క. కొన్ని రోడ్ల అంచున చుక్కలుంటాయి. చుక్కలున్నంత మేర క్యాంపు కోసం బండిని రోడ్డు దించి లోపలికి కొంతదూరం తీసుకెళ్లొచ్చు. ఫోన్లో దించుకుంటే సిగ్నల్ లేకపోయినా మనమెక్కడున్నామో అదే మ్యాపు మీద కనబడుతుంది.

మేనమామ: అడవి మధ్యలో పట్టా భూములుండవా?

మేనకోడలు: బోలెడు. పాత రైతుల భూములు, కలప కంపెనీల భూములు. రంగుల మ్యాపులో ఆకుపచ్చ మధ్య తెల్ల ముక్కలు అవే. సరిహద్దు చూడకుండా టెంటు వేస్తే పొద్దున్నే ఎవరో వచ్చి లేపుతారు. తర్వాత కాంటూరు గీతలు చూస్తాను. గీతలు దూరం దూరంగా ఉంటే చదును నేల. మరీ శిఖరమైతే గాలి, లోయ అడుగైతే చలీ నీళ్లూ. మధ్యలో కొండ భుజంలాంటి చోటు కావాలి. ఆ పైన శాటిలైట్ బొమ్మ తెరిచి, పెద్ద రోడ్డు నుంచి చీలి కొంచెం దూరం పోయి ఆగిపోయే చిన్న దారుల చివర చూస్తాను. అక్కడ పాలిపోయిన గుండ్రటి మచ్చ కనబడిందంటే, ఒకప్పుడు చెట్లు కొట్టి దుంగలు లారీకెక్కించిన జాగా.

మేనమామ: కూపు లోడింగ్ జాగా! అది మంచి ఎంపికే. నేల అప్పటికే గట్టిపడి ఉంటుంది, లారీ తిరిగిన చోట కారు తిరుగుతుంది, కొత్తగా గడ్డి తొక్కే పని లేదు. ఎవరు చెప్పినారు నీకు?

మేనకోడలు: మ్యాపే చెప్పింది. ఇట్లా మూడు నాలుగు చోట్లు గుర్తుపెట్టుకుని, బయల్దేరేముందు ఆ రేంజర్ ఆఫీసుకు ఫోన్ చేస్తాను. ఏ రోడ్డు కొట్టుకుపోయింది, ఎక్కడ కలప పని నడుస్తోంది, ఎక్కడ వాళ్లే నిప్పు పెట్టి కింద చెత్త కాలుస్తున్నారు, నెగళ్లకు నిషేధం ఉందా, ఇవన్నీ చెబుతారు. అడవిలో రోడ్డు నంబరు అడ్డంగా రాసుంటే మామూలు కారు పోవచ్చు. సన్నటి పలక మీద నిలువుగా రాసుంటే ఎత్తు బండి కావాలి. అనుమానంగా ఉంటే బండి ఆపి ముందు నడిచి చూసి రావాలి. చేరాక పైకి చూడాలి, మోడు చెట్టు ఏదైనా టెంటు మీదికి వాలి ఉందా అని. ఆ తర్వాతే కిందికి. ఇంతకుముందు ఎవరో వాడిన చోటు, రాళ్లు గుండ్రంగా పేర్చిన నెగడు గుంట ఉన్న చోటు దొరికితే అక్కడే దిగాలి. కొత్త చోటు చేయకూడదు. వాగుకు 200 అడుగుల దూరం, పెద్దవాళ్ల అడుగుల్లో ఓ డెబ్బై.

పనిగట్టుకుని ఆమెతో ఇంత వివరంగా చెప్పించాను. ఊరికే దొరికే చోటు అనగానే అదృష్టమనో, ఎవరో చెవిలో చెప్పే రహస్యమనో అనుకుంటారు. అన్నీ అందరికీ దొరికే కాగితాలే. వాటి ముందు ఓపిగ్గా కూర్చునేవాళ్లు మాత్రం తక్కువ.

మేనమామ: చదువు బాగానే ఉందమ్మా. ఇప్పుడు నేను చదివింది చెప్తా. నీ వాషిటాలోనే, 2010 జూన్ 11న తెల్లవారకముందే లిటిల్ మిస్సోరి నది పొంగింది. మూడడుగులున్న నీరు రాత్రికి రాత్రి ఇరవై అడుగులు దాటిపాయె. ఆల్బర్ట్ పైక్ అనే చోట టెంట్లలో, బండ్లలో పడుకున్నవాళ్లు 20 మంది చచ్చిపోయినారు. పిల్లలు కూడా.

మేనకోడలు: తెలుసు. కానీ అది డబ్బు కట్టించుకుని, నంబర్లు వేసి ఫారెస్ట్ సర్వీసు నడిపిన క్యాంపుగ్రౌండు మామా. రుసుము కట్టినంత మాత్రాన నది ఆగలేదు.

మేనమామ: ఆగలేదు. డిపార్టుమెంటు మనుషులు చూసి ఎంచిన చోటే అట్లా అయితే, నువ్వు ఫోన్లో చూసి ఎంచే చోటు సంగతేంది? అక్కడ కనీసం ఎక్కడ వెతకాలో జనానికి తెలిసింది. నీ టెంటు ఎక్కడుందో ఎవరికి తెలుసు?

మేనకోడలు: నేను వెళ్లే ప్రతిసారీ రోడ్డు నంబర్లు, అనుకున్న చోట్లు, తిరిగొచ్చే గంట రాసి ఇద్దరికి ఇచ్చి వెళ్తాను. ఆ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులో ఉంటుంది. వాగు పక్కన పడుకోకపోవడం నేను ఆ ఘటన గురించి చదివే నేర్చుకున్నాను. క్యాంపుగ్రౌండులో నంబరు ఇచ్చేసరికి మనిషి నేలను చూడటం మానేస్తాడు, అదీ నా భయం. బోర్డు లేనిచోట చూడక తప్పదు.

మేనమామ: నీలాంటివాళ్లు చూస్తారు. సరే, ఎలుగుబంట్లో?

మేనకోడలు: ఉన్నాయి. ఒకప్పుడు అర్కన్సాలో దాదాపు అంతరించిపోతే 1950ల చివర, 60లలో మినెసోటా నుంచి, కెనడాలోని మనిటోబా నుంచి తెచ్చి వదిలారు. నల్ల ఎలుగులు. అవి మన వాసనకు రావు, మన తిండి వాసనకు వస్తాయి. పులిహోర, ఆవకాయ, టూత్‌పేస్టు అన్నీ కారులో పెట్టి తాళం వేయాల్సిందే. టెంటులో బిస్కెట్టు ముక్క కూడా ఉండకూడదు.

మేనమామ: మన నల్లమల ఎలుగు వేరు, ఎదురుపడితే మొహం మీదికే వస్తుంది. ఆ విషయంలో నీ అడవే నయం. నాకు ఎలుగుకన్నా నిప్పు భయం. జనవరి, ఫిబ్రవరి వస్తే మేము ఫైర్ లైన్లు గీసుకుంటూ తిరుగుతాం. ఆ తర్వాత ఎండలు ముదిరి, వాన పడేదాకా నిద్రుండదు. ఆరిజోనాలో 2011లో వాలో ఫైర్ అని తగలబడింది కదా, 5 లక్షల 38 వేల ఎకరాలు. ఇద్దరు క్యాంపుకు పోయి నెగడు సరిగ్గా ఆర్పలేదు. ఇద్దరే!

మేనకోడలు: దీనికి నేను అడ్డం చెప్పను. నెగడు వేయకుండా ఉండటమే అన్నిటికన్నా మంచిది, చిన్న గ్యాసు స్టవ్వు చాలు. వేస్తే మాత్రం నేల మీద పడిపోయిన ఎండు పుల్లలే వాడాలి. ఇంటి నుంచి కట్టెలు తీసుకెళ్తే వాటితోపాటు పురుగు కూడా కొత్త అడవికి చేరుతుంది. ఆర్పేటప్పుడు నీళ్లు పోయడం, కలియబెట్టడం, మళ్లీ పోయడం, చివరికి బూడిద మీద చెయ్యి పెట్టి చూడటం. వెచ్చగా తగిలిందంటే ఆరలేదు.

మేనమామ: చెయ్యి పెట్టి చూసేది ఎంతమంది?

మేనకోడలు: అది నేను చెప్పలేను.

మేనమామ: చెప్పలేవు. నేనెందుకు అడుగుతున్నానంటే, ఒకచోటు మంచిదని పేరొస్తే ఏమవుతుందో చూసినవాణ్ణి. శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి నడిచి పోతారు. వేలమంది. పెచ్చెరువు కాడ రాత్రి అడవిలోనే పడుకుంటారు.

మేనకోడలు: చూశావా, మన దగ్గరా ఉంది! టికెట్టు లేదు, రిజర్వేషన్ లేదు. శివుడి కోసం నడిచేవాడు చెట్టు కింద పడుకుంటాడు. ఆ దారిని మీరెవరూ మూయలేదు కదా.

మేనమామ: మూయలేదు, మూయకూడదు కూడా. అది తరతరాల దారి. కానీ ఆ కొన్ని రోజులకే తెరుస్తాం, మా వాళ్లు దారి పొడుగునా ఉంటారు, నీళ్లు పెట్టేవాళ్లు, అన్నం పెట్టేవాళ్లు ఉంటారు. ఇంతమంది ఉండీ, పండగ అయినాక అడవిలో మిగిలే ప్లాస్టిక్ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. భక్తితో వచ్చినవాళ్లే అట్లా పారేస్తే, సెల్ఫీ కోసం వచ్చేవాడి సంగతి చెప్పు.

మేనకోడలు: అమెరికాలో కూడా ఈ గొడవ వచ్చింది. కొలరాడోలో క్రెస్టెడ్ బ్యూట్ అనే కొండ ఊరుంది. కోవిడ్ ఏడాది జనం పోటెత్తి చుట్టూ ఉన్న లోయలు నలిగిపోయాయి. 2021 నుంచి అక్కడ గుర్తు పెట్టిన చోట్లలోనే టెంటు వేయనిస్తున్నారు. ఎక్కడ బాధ ఉందో అక్కడ కట్టడి పెట్టారు. అడవంతా మూయలేదు.

మేనమామ: ఒక్కో లోయా అట్లాగే పోతుంది. ఇంకోటి. ఊరికే ఉండొచ్చు అంటే పద్నాలుగు రోజులకు పోవాల్సినవాడు పద్నాలుగు నెలలున్నా అడిగేదెవరు? మాకు ఆక్రమణ కేసులు ఇట్లాగే మొదలవుతాయి.

మేనకోడలు: ఆరెగాన్‌లో బెండ్ అనే ఊరి పక్క జాతీయ అడవిలో అట్లాగే జరిగింది. కానీ వాళ్లు ఆక్రమణదారులు కాదు మామా, అద్దెలు కట్టలేక ఇళ్లు పోయినవాళ్లు. కార్లలో, ట్రైలర్లలో ఏళ్లపాటు ఉన్నారు. 2025 మే నెలలో ఆ ప్రాంతం మూసి వాళ్లను పంపేశారు. ఎక్కడికి పోయారో తలుచుకుంటే మనసు బాగుండదు. దానికి మందు ఊళ్లో ఇళ్లు కట్టడం. అడవికి టికెట్టు పెడితే వాళ్లకు ఇల్లు రాదు.

ఇక్కడ ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. పోడు చేసుకునేవాళ్ల మీద కేసులు రాసిన చేయి అది. చెంచు మనిషిని బేస్ క్యాంపులో వాచరుగా పెట్టుకుని, అతని వెనకే నడిచి అడవి నేర్చుకున్నదీ ఆయనే. అడవి ఎవరిదన్న ప్రశ్న వాషిటాలో కూడా ఉంది. ఆ కొండల పక్క నదుల వెంట క్యాడో ప్రజల ఊళ్లుండేవి. ఇప్పుడు ఆ నేల ప్రభుత్వానిది. ఉచితం అన్నమాట పలికేటప్పుడు ఈ సంగతి మనసులో ఉండాలని నా కోరిక.

మేనమామ: సరే, పేదల సంగతి పక్కనపెట్టు. మీరు పేదలు కాదు. క్యాంపుగ్రౌండుకు రాత్రికి చోటును బట్టి పదో ముప్ఫయ్యో డాలర్లు. మీ ఇంట్లో ఒకపూట బయటి భోజనానికి అయ్యే ఖర్చు. ఆ డబ్బు కడితే దొడ్డి కడిగే మనిషికి జీతమొస్తుంది. 2025 ఫిబ్రవరిలో ఫారెస్ట్ సర్వీసులో వేలమంది ప్రొబేషనరీ ఉద్యోగుల్ని ఒక్క దెబ్బకు తీసేసిరి. తర్వాత వెనక్కి పిలిచినా, ఆ డిపార్టుమెంటు నీరసపడిందా లేదా? మనుషులు తగ్గుతున్నప్పుడు ఊరికే వాడుకుంటామనడం న్యాయమా?

మేనకోడలు: డబ్బు కట్టడానికి నాకేం ఇబ్బంది లేదు. నా బాధ వేరే. కట్టినవాడు కస్టమరవుతాడు. దొడ్డి బాగాలేదని తిడతాడు, వెళ్లిపోతాడు. కట్టకుండా పడుకున్నవాడికి ఆ నేల తనదే అనిపిస్తుంది. 2025 జూన్‌లోనే, పడమటి రాష్ట్రాల్లో జాతీయ అడవులు, ఇతర ప్రభుత్వ భూములు కలిపి 20 లక్షల ఎకరాలకు పైగా అమ్మాలని సెనేట్‌లో ఒక ప్రతిపాదన వచ్చింది. అడ్డుపడింది ఎవరు? వేటగాళ్లు, చేపలు పట్టేవాళ్లు, క్యాంపర్లు, రెండు పార్టీల ఓటర్లూ. ఆ నెల దాటకముందే వెనక్కి తీసుకున్నారు. ఆ నేల మీద పడుకున్నవాళ్లు కాబట్టే అంత గట్టిగా అరిచారు.

మేనమామ: నల్లమలలో యురేనియం తవ్వుతారంటే 2019లో ఎంత గొడవ జరిగింది? సినిమావాళ్లు, కాలేజీ పిల్లలు, హైదరాబాదు జనం అంతా అరిచినారు. తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. వాళ్లలో నల్లమలలో ఒక్క రాత్రి పడుకున్నవాళ్లెవరు? అడవిలో ఉండే చెంచులు కొట్లాడినారు, ఎన్నడూ అడుగుపెట్టనివాళ్లూ కొట్లాడినారు. అడవి మీద ప్రేమ రావాలంటే అక్కడ టెంటు వేయాల్సిన పనిలేదు.

మేనకోడలు: ఇది నేను ఆలోచించలేదు.

మేనమామ: ఆలోచించు. ఇప్పుడు నీ వనభోజనం సంగతి. ఎంతమంది?

మేనకోడలు: ఆరు కుటుంబాలు. ఇరవై, ఇరవై రెండు మంది. గుంపుకు పర్మిట్ కావాల్సింది 75 మంది నుంచి, కాబట్టి రూలు ప్రకారం ఇబ్బంది లేదు.

మేనమామ: రూలు ఒప్పుకుంటుంది. నేల ఒప్పుకుంటుందా? దొడ్డికి గుంట ఎంత లోతు తవ్వాల?

మేనకోడలు: ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. నీటికి 200 అడుగుల దూరంలో.

మేనమామ: అక్కడ మట్టి ఎట్లాంటిది?

మేనకోడలు: రాయి. పలుగుతో కూడా కష్టమే.

మేనమామ: ఇరవై రెండు మంది, రెండు రాత్రులు, రాతి నేల, చిన్న పిల్లలు. లెక్క నువ్వే వెయ్యి. పైగా నవంబరు. వేట సీజనంటివి.

మేనకోడలు: జింకల తుపాకీ సీజన్ ఆ నెల మధ్యలోనే మొదలవుతుంది. అందరికీ నారింజ రంగు చొక్కాలు కొన్నాను, పిల్లలకు టోపీలు కూడా. కానీ దొడ్డి లెక్కలో నువ్వే కరెక్టు. సంచుల టాయిలెట్లు తీసుకెళ్లి అంతా వెనక్కి మోసుకురావచ్చు, ఇద్దరు ముగ్గురైతే అది చేస్తాను. ఇరవై రెండు మందితో చేయించలేను. దుంగల జాగా కూడా రెండు టెంట్లకే సరిపోతుంది, ఆరు వేస్తే పక్కనున్న మొక్కలు పోతాయి.

మేనమామ: మరి?

మేనకోడలు: వనభోజనం క్యాంపుగ్రౌండులో పెడతాను. కుళాయి, బల్లలు, దొడ్లు ఉన్న చోట, డబ్బు కట్టి. ముందురోజు మాత్రం మనం వెళ్దాం. నువ్వూ, నేనూ, ఒక్క కారు. మ్యాపు చదవడం నేర్చుకోవాలన్న కుటుంబం ఒకటుంది, వాళ్లు రెండో కారులో. నేర్చుకోనివాళ్లు నేరుగా క్యాంపుగ్రౌండుకు.

మేనమామ: దీనికి ఒప్పుకుంటా. ఒక షరతు. ఆ చోటు ఎక్కడుందో మీ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఫొటో పెట్టినా, పిన్ పెట్టొద్దు.

మేనకోడలు: పిన్ పెట్టను. ఎట్లా వెతకాలో అడిగితే చెబుతాను. రోడ్డు నంబరు అడిగితే అది కూడా చెబుతాను. ప్రభుత్వం అచ్చేసిన మ్యాపులో ఉన్న నంబరు నేను దాచడమేంటి? మనకన్నా ముందు వచ్చినవాళ్లు దాచి ఉంటే మనవాళ్లెవరికీ అడవి తెలిసేది కాదు. ఈ దేశంలో ఇన్నేళ్లున్నా క్యాంపింగ్ మనది కాదనుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

మేనమామ: వాళ్లకు తెలియకపోతే అడవికి నష్టమేముంది?

మేనకోడలు: వాళ్లకుంది. వాళ్ల పిల్లలకుంది.

మేనమామ: నాకు మొదట అడవి, ఆ తర్వాత మనిషి. నాకు జీతమిచ్చిన పని అది.

మేనకోడలు: నాకు రెండూ కలిసే ఉన్నాయి. ఇక్కడ మనకు కుదరదులే మామా. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి బయల్దేరదామా?

మేనమామ: రెండింటికా? నాలుగు గంటలపైన దారి. నవంబరులో పొద్దు ఐదింటికే కుంగుతుంది. కొండ నీడన ఇంకా ముందే చీకటి. మోడు చెట్టు చూడాలన్నా, రోడ్డు నడిచి చూడాలన్నా వెలుతురుండాలి కదా. తొమ్మిదికల్లా బండి కదలాల. ఆఫీసుకు సెలవు పెట్టుకో.